గుదిబండ ఎవరి మెడకు?

ఇంగ్లీషులో ‘బాల్ అండ్ చెయిన్’ అని ఒక జాతీయం ఉంది. ఖైదీ పారిపోకుండా కాలికి గొలుసు వేసి, దానికి ఇనపగుండు తగిలించే శిక్షలోంచి పుట్టిన మాట అది. మగవాళ్ల సరదా కబుర్లలో దానికి అర్థం పెళ్లాం. తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పొగరుబోతు పశువు మెడకు కట్టే గుదిబండ మనకూ ఉంది. అది భార్యకు మారుపేరు కావడమూ మనం విన్నదే. రెండు భాషల్లోనూ ఫిర్యాదు ఒకటే, చేసేదీ మగవాడే. అయితే 1960లలో ఒక నల్లజాతి స్త్రీ ఈ మాటనే తన పాటకు పేరుగా పెట్టుకుని, గొలుసు తగులుకున్నది తనకే అని పాడింది. ఆమె పేరు విల్లీ మే థార్న్‌టన్. లోకం బిగ్ మామా థార్న్‌టన్ అని పిలిచింది.

రాక్ సంగీతం విని ఇంగ్లీషు నేర్చుకోవడం గురించి మాట్లాడేటప్పుడు నేను ఈమె దగ్గరే మొదలుపెట్టాలనుకుంటాను. బిజినేపల్లి వంటి పాలమూరు మండలకేంద్రాల్లో చదువుకున్న నా తరం ఆడపిల్లలకు ఇంగ్లీషు గైడు పుస్తకాల్లోంచి వచ్చింది. పదం, పక్కన అర్థం, కింద వ్యాకరణ సూత్రం. యూనివర్సిటీ హాస్టల్లో ఒకరి మెమరీ కార్డు నుంచి ఇంకొకరి ఫోనులోకి పాకిన పాటల్లో మాకు వేరే ఇంగ్లీషు వినిపించింది. అందులో మాటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పల్లవి పదిసార్లు తిరిగి వస్తుంది కాబట్టి పదకొండోసారికి పట్టుబడతాయి. విడివిడిగా నిఘంటువులో చూస్తే పొసగని పదాలు కలిస్తే ఒక జాతీయమవుతాయని అలాగే తెలిసింది.

ఈ పాటలకు వ్యాకరణం మీద భయం లేదు. 1964లో బీటిల్స్ సినిమాకూ పాటకూ పేరైన ‘ఎ హార్డ్ డేస్ నైట్’, డ్రమ్మర్ రింగో స్టార్ నోరు జారి అన్న మాట. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ పూర్తి పేరులో రెండు వ్యతిరేకార్థక పదాలు ఉంటాయి. తరగతి గదిలో దానికి ఎర్రసిరా తప్పదు. కానీ ఆ ప్రయోగం అమెరికా నల్లజాతి ప్రజల ఇంగ్లీషులో నియమం ప్రకారం నడిచేదే. రాక్ ఆ భాషను అరువు తెచ్చుకుంది. అరువు ఎవరి దగ్గర తెచ్చుకుందో చెప్పడమే తరచుగా మరిచిపోయింది.

‘రాక్’, ‘రోల్’ అనే మాటలనే చూడండి. ఈ రెండింటినీ కలిపి లౌకిక పాటగా రికార్డు చేసిన తొలివాళ్లలో ఒకరు ట్రిక్సీ స్మిత్, 1922లో. ఆమె బ్లూస్ గాయని. ఆ మాటలు అక్కడ స్త్రీ తన దేహసుఖం గురించి దాపరికం లేకుండా చెప్పుకున్న మాటలు. మూడు దశాబ్దాల తర్వాత అవి ఒక సంగీత ప్రక్రియకు పేరయ్యేసరికి అందులోంచి ఆమె గొంతు తప్పుకుంది. 1930ల నుంచే ఎలక్ట్రిక్ గిటారుతో చర్చి పాటను ఊపేసిన సిస్టర్ రోసెట్టా థార్ప్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2018లో. ఆమె చనిపోయింది 1973లో.

థార్న్‌టన్ సంగతికి వద్దాం. 1952 ఆగస్టులో ఆమె ‘హౌండ్ డాగ్’ రికార్డు చేసింది. నిఘంటువు ప్రకారం హౌండ్ అంటే వేటకుక్క. ఆ పాటలో అది ఆడదాని కష్టం మీద బతుకుతూ గుమ్మం దగ్గర తచ్చాడే మగవాడు. నీ సంగతి తెలిసింది, ఇక దయచెయ్ అనడమే ఆ పాట. 1953లో అది నల్లజాతి శ్రోతల రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడింది ఫ్రెడ్డీ బెల్ బృందం ‘శుభ్రం’ చేసిన రూపం. అందులో మగవాడు మాయమయ్యాడు. మిగిలింది వేటకు పనికిరాని కుక్క. తెల్లవాళ్ల ఇళ్లలో ఎవరికీ ఇబ్బంది లేదు. లక్షల రికార్డులు అమ్ముడయ్యాయి. తనకు ముట్టింది అయిదువందల డాలర్ల చెక్కు ఒక్కటేనని థార్న్‌టన్ చెప్పుకుంది.

ఆ పాట రాసింది జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు పందొమ్మిదేళ్ల తెల్ల కుర్రాళ్లు కదా, అది స్త్రీ మాట ఎలా అవుతుంది అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని గుర్రుమనే ఆ గొంతు, గిటారు మోగుతుండగా మధ్యలో ఆమె విసిరిన వెటకారపు మాటలు ఏ కాగితం మీదా లేవు. జాతీయానికి అర్థం పదాల్లో సగమే ఉంటుంది, మిగతా సగం అనే నోట్లో ఉంటుంది. అదే పాట మగ గొంతులోకి మారగానే ఆ సగం రాలిపోయింది.

‘బాల్ అండ్ చెయిన్’ మాత్రం ఆమె సొంత రచన. దాన్ని ముందు రికార్డు చేసిన చిన్న కంపెనీ విడుదల చెయ్యలేదు కాని హక్కులు తన దగ్గరే ఉంచుకుంది. 1967 జూన్‌లో మాంటెరీ ఉత్సవంలో జానిస్ జోప్లిన్ ఆ పాట పాడింది, 1968లో అది ‘చీప్ థ్రిల్స్’ ఆల్బమ్‌లో వచ్చింది. ఆ రాబడి పాట రాసిన మనిషికి చేరలేదు. జోప్లిన్ అర్థాన్ని మార్చలేదు. ప్రేమలో కాలు కదలనివ్వని బరువును మోసేది స్త్రీయేనన్న మాటను అలాగే నిలబెట్టింది. జాతీయం బతికింది, కూలి అందలేదు. 1984లో చనిపోయిన థార్న్‌టన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తించింది 2024లో, నలభై ఏళ్లకు. ఏంజెలా డేవిస్ 1998లో బ్లూస్ గాయనుల మీద పుస్తకం రాసి, చదువుకోని నల్లజాతి శ్రామిక స్త్రీల పాటల్లో స్త్రీవాద చైతన్యాన్ని చూపించేదాకా విద్యాలోకానికి కూడా ఇవి ప్రధానంగా వినోదమే.

ఇదంతా పాలమూరుకు దూరపు ముచ్చట కాదు. ‘వచ్చిండు’ అని రాస్తే కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దిన బడి మాది. పరేషాన్, ఫికర్, జల్ది అని ఇంట్లో అమ్మ వాడే మాటలకు బడిలో ‘మోటు’ అని పేరు. తెలుగు సినిమా ఈ భాషను ఎన్నో ఏళ్లపాటు విలన్లకూ హాస్యగాళ్లకూ కేటాయించింది. అంటే నల్లజాతి ఇంగ్లీషుకు జరిగిందే మన యాసకూ జరిగింది: నలుగురినీ నవ్వించడానికి పనికొస్తుంది, పరీక్షలో రాయడానికి పనికిరాదు. 2022లో పద్మశ్రీ అందుకున్న నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య వల్ల పండుగ సాయన్న వీరగాథ లోకానికి వినిపించింది. మరి నాట్లలో, కలుపుల్లో స్త్రీలు కట్టుకున్న పాటల మాటేమిటి? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాట స్త్రీల జ్ఞాపకాలను వాళ్ల మాటల్లోనే వినిపించింది. గోగు శ్యామల కథలు దళితవాడ తెలుగును సాహిత్య భాషగా నిలబెట్టి, 2012లో ఇంగ్లీషులోకీ వెళ్లాయి. ఆ దారి ఉంది, నడిచేవాళ్లు ఇంకా కావాలి.

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. 1854లోనే సావిత్రీబాయి ఫూలే తన కవితల్లో శూద్రులనూ అతిశూద్రులనూ ఇంగ్లీషు నేర్చుకోమంది. కాబట్టి పల్లె పిల్లలకు ఇంగ్లీషు ఎందుకని అడిగే పెద్దల పక్కన నేను నిలబడను. నా పట్టింపు వేరు. ఇంటి భాష సిగ్గుపడాల్సినదని నేర్పుతూ ఇంగ్లీషు నేర్పితే, ఆడపిల్ల రెండు భాషల్లోనూ గొంతు తగ్గించి మాట్లాడుతుంది. కల్లమెత్తేటప్పుడు అమ్మ విసిరే సామెత ఒప్పయినదే, థార్న్‌టన్ నోటి ఇంగ్లీషూ ఒప్పయినదే అని ఒకే తరగతిలో చెప్పగలిగితే ఆమెకు రెండూ దక్కుతాయి.

అందుకే పాటలతో ఇంగ్లీషు చెప్పే మిత్రులకు నా సూచన చిన్నది. జాతీయానికి అర్థం చెప్పాక మూడు ప్రశ్నలు అడిగించండి. దీన్ని ముందు ఎవరు అన్నారు? ఎవరి గురించి అన్నారు? దానివల్ల డబ్బు ఎవరికి వచ్చింది? తర్వాత అవే ప్రశ్నలను ‘గుదిబండ’ మీద, పిల్లలు ఇంటి నుంచి తెచ్చే ప్రతి సామెత మీద అడిగించండి. జవాబుల కోసం వాళ్లు అమ్మమ్మల దగ్గరికే వెళ్లాల్సి ఉంటుంది.