ఫేనిలము

ఫేనిలము (విశేషణం): నురగ గలది, నురగతో నిండినది. సంస్కృత ‘ఫేనము’ నుంచి వచ్చిన తత్సమం. సమాసాల్లో ‘ఫేనిల తరంగాలు’, ‘ఫేనిల జలం’ అని కనిపిస్తుంది. విశేష్యంగా దీనికి కుంకుడు అని అర్థం. అమరకోశం దీన్ని ఆ చెట్టుకు పర్యాయపదంగా చెప్పింది. ఆ పేరు పెట్టినవారి చూపు మెచ్చుకోదగ్గది. చెట్టును ఆకుతోనో పువ్వుతోనో కాక, దాని కాయ నీళ్ళలో చేసే పనితో గుర్తించారు. 1753లో లిన్నేయస్ పెట్టిన ‘సపిండస్’ అనే పేరుకూ భారతదేశపు సబ్బు అనే అర్థం.

వాడుకలో ఈ మాట లేదు. గోదావరి జిల్లాల్లో నురగ, నురుగు అంటారు. విశేషణం కన్నా క్రియతోనే ఎక్కువ చెబుతారు. సబ్బు నురగ వస్తుంది, గుమ్మపాలు నురగ కడతాయి, తాటికల్లు నురగలు పొంగుతుంది, పరుగెత్తిన ఎద్దు నురగలు కక్కుతుంది. మనిషి నురగ కక్కాడంటే మాత్రం మూర్ఛో విషమో అని కంగారు పడాల్సిందే. బెల్లం వండేటప్పుడు పెనం మీద తేలే మురికి నురగ తెట్టె. దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తారు.

కుంకుడుకాయలో నురగనిచ్చేది గింజ కాదు, పైన ఉండే గుజ్జు. అందులోని సపోనిన్ల అణువులో ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకుంటుంది. అందుకే కాయలు చితక్కొట్టి వేడినీళ్ళలో నానబెట్టి పిసికిన రసం తలంటుకూ, పట్టుచీరలకూ, బంగారు నగలకూ పనికొస్తుంది. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో సబ్బు కలిసి తెల్లటి మడ్డిగా విరుగుతుంది. కుంకుడు అలా విరగదు, ఆ నీళ్ళలోనూ నురగనిస్తుంది.

ఇదే సపోనిన్ చేపకు ప్రాణాంతకం, దాని రక్తకణాలను పగలగొడుతుంది. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసేది అలాంటి కణాలు కాదు, హీమోసయనిన్ అనే పదార్థం కాబట్టి రొయ్య తట్టుకుంటుంది. రొయ్యల చెరువుల్లో కలుపు చేపలను చంపడానికి సపోనిన్ గల టీ గింజల పిండి చల్లడం ఈ తేడాను నమ్ముకునే.

వరద గోదావరిలో నురగకు సబ్బు అక్కర్లేదు. ఎగువ అడవుల్లో కుళ్ళిన ఆకులలములలోని పదార్థాలు ఎర్రనీటితో కొట్టుకొస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ రోజుల్లో బరాజు గేట్ల కింద నీరు గాలితో కలిసి గిరికీలు కొడుతుంటే, దిగువన నురగ తెట్టెలు తెట్టెలుగా సాగుతుంది. ఇది కాలుష్యమేనా అని చాలామంది భయపడతారు. పసుపుపచ్చగానో గోధుమరంగుగానో ఉండి మట్టివాసన వేస్తే చాలావరకు సహజమైనదే. తెల్లగా మెరుస్తూ సబ్బు సువాసన వచ్చే నురగ కాలవలో కనబడితే, దగ్గరలో ఎక్కడో మురుగు కలుస్తోందని అనుమానించాలి.