ఇసుకలో పాతిన యూనిఫాం

వేసవి సెలవుల్లో లాంగ్ ఐలండ్ తూర్పు కొసన అమాగాన్సెట్ వెళ్లాం. సముద్రం అచ్చం మన భీమిలిదే, తెప్పలూ ఎండుచేపల వాసనా తప్ప. ఒడ్డుకి దగ్గర్లోనే తీరరక్షక దళం వాళ్ల పాత భవనం. ఇప్పుడది మ్యూజియం.

1942 జూన్‌లో ఒక మంచురాత్రి జాన్ కల్లెన్ అనే కుర్రాడు ఆయుధమైనా లేకుండా గస్తీకి బయల్దేరింది ఇక్కడి నుంచే. ఎదురైన మనుషులు జాలర్లమన్నారు. ఇంతలో వాళ్లలో ఒకడు జర్మన్ మాట్లాడేశాడు. చూసింది మరిచిపొమ్మని కల్లెన్ చేతిలో 260 డాలర్లు పెట్టారు. ఆ లంచం పట్టుకుని తిన్నగా పైవాళ్ల దగ్గరికే పరిగెత్తాడు, మహానుభావుడు!

ఫ్యాక్టరీలు పేల్చడానికి జర్మన్ జలాంతర్గామిలోంచి ఇక్కడ దిగినవాళ్లు నలుగురు, ఫ్లోరిడాలో మరో నలుగురు. దిగేటప్పుడు ఒంటిమీద జర్మన్ యూనిఫాం, ఎందుకంటే దొరికితే యుద్ధఖైదీలవుతారు. దిగాక దాన్ని పేలుడు సామగ్రితో పాటు ఇసుకలో పాతిపెట్టారు. కథంతా ఆ గుంటలోనే ఉంది. వాళ్లలో డాష్ అనేవాడు తనంతట తనే ఎఫ్‌బీఐకి చెప్పేయడంతో ఒక్క ఫ్యాక్టరీ కూడా పేలలేదు. పేల్చని నేరానికి మామూలు కోర్టు ఏపాటి శిక్ష వేస్తుంది? అందుకే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఏడుగురు జనరళ్లతో మిలిటరీ కమిషన్ వేశాడు. విచారణ తలుపులు మూసి. కోర్టులకి వెళ్లే దారి కూడా మూసేశాడు.

నిందితుల తరఫున నియమించింది కర్నల్ రాయల్‌ని, సైనికాధికారినే. అధ్యక్షుడి ఆజ్ఞని కాదని ఆయన సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. ఈ దేశంలో నాకు నచ్చే మొండితనం ఇదే. సివిల్ కోర్టులు నడుస్తున్నచోట పౌరుణ్ణి సైనిక విచారణకి పెట్టకూడదని 1866లో మిల్లిగన్ కేసులో చెప్పారు కదా అన్నాడు. యూనిఫాం విప్పి దొంగచాటుగా చొరబడ్డ శత్రుసైనికుడికి అది వర్తించదంది కోర్టు, వాడు అమెరికా పౌరుడే అయినా సరే. జులై 31న చెప్పింది ఆ మాట మాత్రమే. ఆగస్టు 8న ఆరుగుర్ని విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టారు. కారణాలు రాసిన పూర్తి తీర్పు వచ్చింది అక్టోబరు 29న! మా ఊరి రచ్చబండ పెద్దలు కూడా ఎందుకో చెప్పాకే జరిమానా వేసేవారు.

సెప్టెంబరు 11 దాడుల తర్వాత మిలిటరీ కమిషన్లు వేయడానికి బుష్ ప్రభుత్వం పట్టుకున్నది ఈ తీర్పునే. 2006లో బిన్ లాడెన్ డ్రైవర్ హమ్దాన్ కేసులో, ఆ కమిషన్లకి కాంగ్రెస్ చట్టం ఇచ్చిన అధికారం లేదని సుప్రీంకోర్టు కొట్టేసింది. నెలల్లోనే కాంగ్రెస్ ఆ అధికారమిస్తూ కొత్త చట్టం చేసిపెట్టింది.

పోలిక సరికాదని తెలుసు, ఆ జర్మన్లు హిట్లర్ మనుషులు. అయినా మ్యూజియం మెట్లు దిగుతుంటే అల్లూరి సీతారామరాజే గుర్తొచ్చాడు. 1924లో ఆయన్ని కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేసినవాళ్లకి కమిషన్ అన్న ముసుగు కూడా అవసరం పడలేదు. విద్యుత్ కుర్చీలో పోయిన ఆ ఆరుగురి సమాధుల మీద నాటింది అంకెలు వేసిన చెక్కలట. చిన్నప్పుడు నర్సీపట్నం నుంచి బస్సెక్కి కృష్ణదేవిపేట వెళ్లాం, రాజుగారి సమాధి చూడ్డానికి. పులిహోర పొట్లం విప్పబోతే నాన్న ఆపాడు, ముందు దణ్ణం పెట్టమని.