పి.కె. బెనర్జీ: రైల్వే జట్టు వింగర్ నుంచి కోల్‌కతా మైదానాల గురువు దాకా

ప్రదీప్ కుమార్ బెనర్జీ (1936–2020) భారత ఫుట్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్, ప్రముఖ శిక్షకుడు. ఆటగాడిగా ఆసియా క్రీడల స్వర్ణాన్ని, శిక్షకుడిగా కాంస్యాన్ని చూసిన అరుదైన వ్యక్తి. అభిమానులకు ఆయన ‘పీకే’.

1936 జూన్ 23న ఉత్తర బెంగాల్‌లోని జల్పాయ్‌గురి జిల్లా మైనాగురిలో జన్మించారు. జంషెడ్‌పూర్‌లో పెరిగి, పదిహేనేళ్ల ప్రాయంలోనే సంతోష్ ట్రోఫీలో బిహార్ తరఫున ఆడారు. 1954లో కోల్‌కతా చేరి ఆర్యన్ క్లబ్‌లో ఒక సీజన్ గడిపాక ఈస్టర్న్ రైల్వే జట్టుకు మారారు. ఆటగాడిగా చివరి వరకూ అక్కడే ఉండిపోయారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జెర్సీ ధరించనిదే పేరు రాదనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1958లో ఆయన ఆడిన రైల్వే జట్టు కలకత్తా లీగ్ గెలిచింది. మూడు పెద్ద క్లబ్బులకు వెలుపలి జట్టు మళ్లీ ఆ టైటిల్ అందుకోవడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది.

జాతీయ జట్టులో ఆయనను తీర్చిదిద్దినది హైదరాబాద్‌కు చెందిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. కుడి వింగ్‌లో పీకే, ఆయనతోపాటు చునీ గోస్వామి, సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరామ్ కలిసిన దాడి ఆ తరానికి ముఖచిత్రం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన జట్టులో పీకే సభ్యుడు. 1960 రోమ్‌లో ఆయనే కెప్టెన్. ఫ్రాన్స్‌తో 1–1గా ముగిసిన మ్యాచ్‌లో భారత్ గోలు ఆయనదే. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో, భారత్‌పై ఆగ్రహంతో ఊగిపోతున్న ప్రేక్షకుల నడుమ జరిగిన ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2–1తో గెలుపు దక్కింది. తొలి గోలు పీకేది, రెండోది తలకు కుట్లు పడినా బరిలోకి దిగిన జర్నైల్ సింగ్‌ది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం రాలేదు.

గాయాల కారణంగా 1967లో ఆట విరమించారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలకు జి.ఎం.హెచ్. బాషాతో కలిసి జట్టును సిద్ధం చేశారు. హైదరాబాద్ ఆటగాడు సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో ఆ జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు అదే ఆఖరి పతకం.

ఆడేటప్పుడు దూరంగా ఉంచిన పెద్ద క్లబ్బులే శిక్షకుడిగా ఆయన కోసం పోటీపడ్డాయి. 1972లో ఈస్ట్ బెంగాల్ పగ్గాలు చేపట్టారు. 1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్‌లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను 5–0తో చిత్తుచేసింది. ఆ అవమానాన్ని మరిచిపోలేని మోహన్ బగాన్ మరుసటి ఏడాదే పీకేను తన వైపు తిప్పుకొంది! 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌ను ఆయన జట్టు 2–2తో నిలువరించింది. ఆ సీజన్‌లో లీగ్ చేజారినా ఐఎఫ్‌ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ మోహన్ బగాన్‌కే దక్కాయి.

మ్యాచ్‌కు ముందు డ్రెసింగ్ రూమ్‌లో ఆయన చేసే ఉద్వేగభరిత ప్రసంగాలకు ‘వోకల్ టానిక్’ అని పేరొచ్చింది. వ్యూహం కంటే మాటలే ఎక్కువన్న విమర్శకూ ఆ పేరే ఆధారమైంది. ఆ విమర్శ సగమే నిజం. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో, లక్షా 30 వేలకు పైగా ప్రేక్షకుల ఎదుట ఫెడరేషన్ కప్ సెమీఫైనల్ జరిగింది. అమల్ దత్తా ‘డైమండ్’ వ్యూహంతో దూసుకొస్తున్న మోహన్ బగాన్‌ను పీకే శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4–1తో ఓడించింది. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ సాధించాడు. కేవలం మాటలతో అలాంటి వ్యూహాన్ని ఛేదించడం సాధ్యమయ్యే పని కాదు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మాత్రం ఆయన శిక్షణలోని భారత్ క్వార్టర్ ఫైనల్‌లో సౌదీ అరేబియా చేతిలో 0–1తో ఓడింది. 1990లలో జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో యువకులకు దారి చూపారు.

1961లో ఫుట్‌బాల్‌కు తొలి అర్జున అవార్డు, 1990లో పద్మశ్రీ, 2004లో ఫిఫా ‘ఆర్డర్ ఆఫ్ మెరిట్’ ఆయనకు లభించాయి. 2020 మార్చి 20న కోల్‌కతాలో, 83వ ఏట కన్నుమూశారు. ఆరు వారాలు తిరగకుండానే చునీ గోస్వామి, 2023లో బలరామ్ వెళ్లిపోయారు. పీకే పుట్టినరోజైన జూన్ 23ను అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గ్రాస్‌రూట్స్ దినోత్సవంగా పాటిస్తోంది.