బెల్టు జారిన చప్పుడు

ముషీరాబాద్ మెయిన్ రోడ్డు దిగి భోలక్‌పూర్ వైపు మళ్లితే టింబర్ డిపోలు. వాటి వెనక గల్లీలో ఒక రేకుల షెడ్డు మా పెద్దనాయినది. ఆ షెడ్డు మూల పోత ఇనుము స్పిండిల్ మిషన్ ఉండేది, పంజాబులోని బటాలా సరుకు. బల్ల నడిమధ్య నుంచి నిలువుగా లేచిన అంగుళంపావు ఇరుసు, దానికి కట్టర్. చౌకట్లకు గల్తా తీయడం, కిటికీ అద్దానికి గాడి పెట్టడం, తలుపు పలక అంచును ఏటవాలుగా చెక్కడం దాని పని. చిక్కడపల్లి, అశోక్‌నగర్ పాత ఇళ్ల దర్వాజాల మీద వేలు పెట్టి జరిపితే తగిలే ఆ నునుపైన వంపులు ఇలాంటి మిషన్ల చేతి పనే.

అది ఎలా పోయిందో చెప్పాలంటే ఎలా తిరిగేదో ముందు చెప్పాలి.

మోటారు నిమిషానికి 1440 చుట్లు. దాని పుల్లీ పై మెట్టు 10 అంగుళాలు, ఇరుసు పుల్లీ రెండున్నర. నాలుగింతలు, 5760. బెల్టును రెండో మెట్టుకు మారిస్తే 9కి మూడున్నర. వేగం 3700కు దిగుతుంది. అయిదంగుళాల కట్టర్‌కు పై మెట్టు సరి. దాని అంచు సెకనుకు 38 మీటర్లు పోతుంది. పలకలు చెక్కే ఎనిమిదంగుళాల కట్టర్‌ను అదే మెట్టు మీద తిప్పితే అంచు వేగం 61 మీటర్లు, అంటే గంటకు 220 కిలోమీటర్లు. బ్లేడును బయటికి లాగే బలం వేగం లెక్కన పెరగదు, వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. రెండు మెట్ల మధ్య తేడా రెండున్నర రెట్లకు కాస్త తక్కువ.

మిషన్ నడిపే ఉస్తాద్‌కు వర్గాలు, మూలాలు తెలియవు. కానీ బెల్టు ఏ మెట్టు మీద ఉందో చూడకుండా స్విచ్చు మీద చెయ్యి వేసేవాడు కాదు. ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఇరుసును చేత్తో తిప్పి, ఏ కాస్త ఆట ఉన్నా బేరింగు విప్పేవాడు. మాది రెండు గాడి వాషర్ల నడుమ విడి బ్లేడ్లు బిగించే పాత పద్ధతి. రెండు బ్లేడ్ల వెడల్పులో బీడీ ఆకంత తేడా ఉంటే చాలు, ఒకటే బిగుస్తుంది, రెండోది బిగిసినట్టు నటిస్తుంది. అందుకే జతను కంసాలి త్రాసులో తూచి, ఎక్కువైనదాన్ని సానపట్టి, మళ్లీ తూచేవాడు. కరెంటు స్తంభం మీద రిపేరు జరిగిందంటే ఆ రోజు మొదటి పరీక్ష వేరే. ఫేజులు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది, ఇరుసు మీది నట్టు తనంతట తానే వదులవుతుంది. లైన్‌మన్‌కు ఆ సంగతి ఎందుకు పడుతుంది!

ఒక దసరా ముందు ఉస్తాద్ ఊరికి పోయాడు. కొత్త కుర్రాడు పెద్ద కట్టర్ ఎక్కించి బెల్టు మార్చడం మరిచాడు. బ్లేడు రేకుల కప్పు చీల్చుకొని పోయింది. కుర్రాడు వంగి ఉన్నాడు కాబట్టి బతికాడు. పెద్దనాయిన ఆ పెద్ద కట్టర్‌ను మేకుకు తగిలించాడు, మళ్లీ దించలేదు. కప్పులోని చిల్లు కూడా పూడ్చలేదు. మధ్యాహ్నం పూట అక్కడి నుంచి ఎండ బల్ల మీద పడేది.

అయితే షెడ్డును కూల్చింది ఆ బ్లేడు కాదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక అడవుల్లో నరుకుడుకు, సామిల్లులకు పగ్గాలు పడ్డాయి. బల్లార్షా టేకు అడిగినప్పుడల్లా ధర మారేది. బర్మా టేకుతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. అడవి మిగలాలంటే ఇవి తప్పవు, నేను కాదనను. అయినా మిషన్‌ను చంపింది కలప కరువొక్కటే కాదని నా లెక్క. అశోక్‌నగర్‌లో పాత ఇళ్లు పడి కోచింగ్ పిల్లల హాస్టళ్లు లేచాయి. హాస్టల్ గదికి ఫ్లష్ డోరు చాలు. ఫ్లష్ డోరుకు గల్తా ఉండదు, పలక ఉండదు, చెక్కడానికి అంచే ఉండదు. 2020 ఫిబ్రవరిలో మెట్రో వచ్చి ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు అయ్యేనాటికి మా మిషన్ వారానికి ఒక పూట తిరిగేది.

కొనడానికి శివార్ల నుంచి ఒకతను వచ్చాడు. చదువుకున్న మనిషి, చేతిలో టాకోమీటరు. ఇరుసు మీద మెరిసే టేపు ముక్క అంటించి ఎర్ర దీపం చూపాడు. ఉస్తాద్ మిషన్‌కు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఇంటున్నవా బిడ్డా?" అన్నాడు నాతో. "బెల్టు జారుతుంది. పదోవంతు పోయింది."

టాకోమీటరు 5180 చూపింది. నేను కాగితం మీద లెక్కేశాను. పదోవంతే.

కొత్త బెల్టు వేస్తే సరిపోయేది. బేరింగులు బాగున్నాయని, బల్ల ఇప్పటికీ సమంగా ఉందని వచ్చినతనే ఒప్పుకున్నాడు. కానీ విడి బ్లేడ్ల జతలు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇవి ఎవరూ వాడడం లేదన్నాడు. మోటారుకు మాత్రం ఒక ధర చెప్పాడు. పెద్దనాయిన ఔననలేదు, కాదనలేదు. లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చాడు.

మోటారు ఆ సాయంత్రమే పోయింది. మిగిలినదాన్ని తుక్కు వాళ్లు సమ్మెటతో రెండు చెక్కలు చేసి కాంటా మీదికి ఎత్తారు. ఇరుసు మీద టేపు ముక్క ఇంకా మెరుస్తూనే ఉంది. చీటీ రాసే పిల్లాడు తల ఎత్తి అడిగాడు:

"దీని పేరేం రాయాలె, తాతా?"

ఉస్తాద్ కాసేపు చూశాడు.

"బీడు అని రాయి."