పెండ్లికూతురి మాట

మన పెండ్లి పందిటిలో మాటలకు కొఱత లేదు. పురోహితుడు మంత్రము చెప్పును. వరుడు ‘నాతిచరామి’ యని ప్రమాణము చేయును. ముత్తయిదువలు పాటలు పాడుదురు. తల వంచుకొని ఊరకుండునది పెండ్లికూతురు మాత్రమే. ఈ దృశ్యమును మేము ఎన్నో పందిళ్ళలో చూచితిమి.

గట్టు గ్రామమునకు చేరువనున్న గద్వాల సంస్థానమును 1924 నుండి 1949 వరకు ఏలినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. స్త్రీ ఆజ్ఞ చెల్లిన ఈ సీమలోను పెండ్లిపీటపై వధువునకు మౌనమే అలంకార మనిరి.

అత్తవారి గడపవద్ద మాత్రము ఆడబిడ్డలు ద్వారమున కడ్డము నిలిచి మగని పేరు చెప్పుమందురు. సిగ్గుపడుచు పలికిన ఆ ఒక్క పేరే మన వధువుల తొలి ప్రసంగ మనవచ్చును.

బ్రిటిషు ఇండియాలో 1872 నాటి మూడవ చట్టము ఆమెకు ఒక పూర్తి వాక్యము నిచ్చెను. రిజిస్ట్రారును ముగ్గురు సాక్షులును వినుచుండగా, ‘నిన్ను భర్తగా స్వీకరించుచున్నాను’ అను భావమును వధువు స్వయముగా పలుకవలెను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమును ఈ నియమమునే నిలిపినది. ఇరువురికిని తెలిసిన ఏ భాషయైనను సరియే. గట్టు ఆడపడుచునకు తన తెలుగే చాలును. ఆమె పలుకనిదే ఆ వివాహము పూర్తి కాదు.

మంత్రములతో జరుగు పెండ్లిలో చట్టము ఈ మాట నడుగదు. అయినను ఇప్పుడు కొందరు వధువులు విందువేళ లేచి కన్నవారిని తలచుకొని నాలుగు మాటలు చెప్పుచున్నారు. కాగితముపై వ్రాసికొని చదివినను తప్పులేదు. ఆమె లేచినపుడు బాజాలు ఒక్క క్షణ మాగవలెనని మా మనవి.