మురుగునీటిలోని నత్రజని, భాస్వరము

నాగర్‌కర్నూలు కేసరిసముద్రము, వనపర్తి సీమలోని శ్రీరంగాపురము రంగసముద్రము నీరు నిలిచియుండు చెరువులు. ఇట్టి చెరువులో ఊరి మురుగు కలిసినచో నీరు పచ్చబడును, గుర్రపుడెక్క అల్లుకొనును. నాచు చచ్చి కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. మురుగులోని నత్రజని, భాస్వరములే ఇందుకు మూలము. పొలమునకు ఎరువైనదే చెరువునకు కీడగుచున్నది.

1914లో ఇంగ్లండునందలి మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనువారు మురుగులోనికి గాలి ఊది, అడుగుకు దిగిన బురదను మరల మరల వాడి నీటిని శుద్ధిచేసిరి. బురదలోని సూక్ష్మజీవులే ఆ పని చేయునవి. ఈ ప్రయోగములకు సూచన నిచ్చిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థకు ఆచార్యుడుగా వచ్చెను. బురద పరిశోధన మన దేశమున అచ్చట సాగినది. 1959లో శ్రీనాథ్, శాస్త్రి, పిళ్ళై అను మువ్వురు, గాలి ఊదినపుడు ఈ బురద భాస్వరమును అతివేగముగా గ్రహించునని ఒక చిన్న వ్యాసములో ప్రకటించిరి. ఇంత ముఖ్యమైన సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

దీని మర్మము తరువాత తేలినది. గాలి లేని తొట్టిలో కొన్ని సూక్ష్మజీవులు తమలో దాచిన భాస్వరమును వదలి, ఆహారమును కూడబెట్టుకొనును. గాలి తగులగానే వదలినదానికంటె ఎక్కువ భాస్వరమును లాగుకొనును. నత్రజని కథ వేరు. గాలిలో ఒక జాతి అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. గాలి లేనిచోట మరొక జాతి నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని నత్రజనిని ఆకాశములోనికి వదలును. 1970 తరువాతి సంవత్సరములలో దక్షిణాఫ్రికా ఇంజనీరు జేమ్స్ బర్నార్డ్ ఈ రెండు పనులకు తగినట్లు తొట్లను వరుసగా అమర్చెను.

భాస్వరము నిండిన బురదను జాగుచేయక తీసివేయవలెను. గాలి లేక నిలువయున్నచో అది మరల నీటిలోనికి దిగును.