పాత వీధి ఫోటోల స్థల నిర్ధారణ

పాత ఫోటోలోని వీధి ఏదో, కెమెరా ఎక్కడ నిలబెట్టారో తేల్చే పని. హైదరాబాదు చార్మినార్ (1591) ఫోటోలనే తీసుకుందాం. నాలుగు ముఖాలూ ఒకేలా ఉంటాయి కనుక కట్టడాన్ని బట్టి దిక్కు చెప్పలేం, పక్కన ఏముందో చూడాలి. మక్కా మసీదు నైరుతిలో ఉంది. అది చార్మినార్ వెనక కుడిపక్కన కనిపిస్తే ఫోటో ఉత్తరాన, గుల్జార్ హౌజ్ వైపు నుంచి తీసినట్టు. వెనక ఎడమపక్కనైతే తూర్పు నుంచి. గాజు నెగటివ్‌ను తిరగేసి అచ్చువేస్తే ఈ లెక్కంతా తారుమారవుతుంది. అందుకే ముందుగా దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. చార్మినార్ మీద గడియారాలు 1889లో అమర్చారు; అవి లేని ఫోటో అంతకు ముందుది. ఫోటో వెనక పెన్సిలుతో రాసిన ఊరి పేరును వెంటనే నమ్మకూడదు. దుకాణాలు చేతులు మారినా పైఅంతస్తు కిటికీలు, పిట్టగోడలు చాలాకాలం అలాగే నిలుస్తాయి. అసలు ఆనవాళ్లు అక్కడే దొరుకుతాయి.